స్టార్మ్, బే, అయిదేళ్లు

ముడి విప్పకుండా దారం కోసేసేవాళ్లంటే ఆంబ్రోజ్ డఫీల్డ్‌కు మొదటినుంచీ చిన్నచూపు. ఆ మంగళవారం ఉదయం కూడా మ్యూజియం వెనక గదిలో, కిటికీ పక్క బల్ల మీద పార్సిలు పెట్టుకుని, బొటనవేలి గోరు ముడి కిందికి దూర్చి, ఓపికగా కదుపుతూ కూర్చున్నాడు. హెల్మ్‌థార్ప్ స్టేషన్లో ముప్పై ఎనిమిదేళ్లు పార్సిళ్ల గుమాస్తాగా చేసిన మనిషి. ఆ గోరు అందుకే కాస్త వంకర తిరిగి మొద్దుబారింది. డెబ్బై రెండేళ్లకు చూపు తగ్గింది, వినికిడి తగ్గింది, పొద్దున్నే సాక్సు తొడుక్కోవాలంటే మంచం పట్టె ఆసరా కావాలి. గోరు పనితనం మాత్రం తగ్గలేదు.

ముడి వదులైంది. దారాన్ని నాలుగు వేళ్లకు చుట్టి, ఆ చుట్టను సొరుగులో మిగతా చుట్టల సరసన పెట్టాడు. కాగితాన్ని మడతల వెంబడే మడిచాడు. అప్పుడుగానీ లోపల ఏముందో చూడలేదు. ఆయన పద్ధతి అది.

హాల్లోంచి సుత్తి చప్పుడు వస్తోంది. టక్, టక్, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టక్. రాతి మీద అక్షరాలు చెక్కే నెడ్ ఫాక్స్టన్ ఎనిమిది వారాలుగా అక్కడే మకాం పెట్టాడు. మనిషెత్తు పలకరాయిని దూలాల మీద ఏటవాలుగా నిలబెట్టి, ముందుగా సుద్దతో రాసుకున్న పేర్లను ఒక్కొక్కటే ఉలితో తవ్వుతున్నాడు. రోజుకు నాలుగు పేర్లు, చలి తక్కువైతే అయిదు. మొత్తం రెండువందల పన్నెండు.

ఆ రెండువందల పన్నెండు మందినీ వెతికి తెచ్చినవాడు ఆంబ్రోజ్. హెల్మ్‌థార్ప్ లాన్సర్లు బల్లేలు పట్టి గుర్రాల మీద సగం ప్రపంచం తిరిగిన దళం. యుద్ధాల్లో పోయినవాళ్లకు చర్చి గోడ మీద ఇత్తడి రేకుంది. జ్వరమొచ్చో, కలరా సోకో, ఎండదెబ్బ తగిలో బెంగుళూరులోనో కైరోలోనో ఆస్పత్రి మంచం మీద పోయినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. పదకొండేళ్ల కిందట భార్య మ్యూరియల్ పోయిన నెలకు, వానలో తడవలేక ఈ మ్యూజియంలోకి వచ్చి నిలబడితే, టిక్కెట్ల దగ్గర కూర్చునే బెరిల్ టీ ఇచ్చి, 'పాత చేతిరాతలు చదవగలరా?' అని అడిగింది. పార్సిళ్ల గుమాస్తా చదవలేని చేతిరాత ఉండదు. అప్పటినుంచీ మంగళవారం, గురువారం ఆయనవి.

ఇందులో వింత ఏమిటంటే ఆంబ్రోజ్‌కు సైన్యమంటే తెలియదు. యుద్ధం రోజుల్లో పాదాలు చదునుగా ఉన్నాయని వెనక్కి పంపేశారు. గుర్రాల సంగతి అసలే తెలియదు. అవి అంత ఎత్తున ఎందుకుంటాయో, అలా ఎందుకు తల ఊపుతాయో ఆయనకు అర్థం కాలేదు. రోడ్డు మీద ఒకటి ఎదురైతే అవతలి పక్కకు దాటేవాడు. అలాంటివాడు గుర్రపుదళం చరిత్రకు అథారిటీ అయి కూర్చున్నాడు. లండన్ నుంచి కూడా ఉత్తరాలు రాసి అడుగుతారు. ఆయన జవాబులో 'నాకు తెలిసినంతవరకు' అన్న మాట లేకుండా ఒక్క పేరా ఉండదు.

పార్సిల్లో వచ్చింది తోలు అట్ట పుస్తకం. దళంలో గుర్రాల డాక్టరుగా చేసిన ఒకాయన మునిమనవరాలు పంపింది, అటక శుభ్రం చేస్తుంటే దొరికిందట. ఆంబ్రోజ్ కళ్లద్దాలు తుడుచుకుని తెరిచాడు. 1887, బెంగుళూరు. పేజీ నిండా వరసలు: సుల్తాన్, సెక్స్టన్, షాడో, సోల్జర్, స్పారో. అన్నీ ఇంగ్లీషు 'ఎస్'తో మొదలయ్యే పేర్లు. పక్కన రంగు, వయసు, ఏం జబ్బు చేసింది, ఏమైంది. ఒక ఏడు కొన్న గుర్రాలన్నిటికీ ఒకే అక్షరంతో పేర్లు పెట్టేవాళ్లని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చింది.

పేజీ అడుగున ఒక వరస లేదు. ఎవరో గుర్తుకోసం పెట్టుకోవడానికి చింపుకున్నట్టు, బద్దలాగా చిరిగి ఉంది.

ఆంబ్రోజ్ ఆ చిరుగును చాలాసేపు చూశాడు. ఆ వంకర ఆయనకు తెలుసు. మెల్లగా లేచి, బీరువాలో పైఅర నుంచి ఒక ఫైలు తీసి, అందులోంచి వేలెడు వెడల్పు కాగితం బద్దను తెచ్చి పేజీ అడుగున ఆనించాడు. చిరుగులో చిరుగు కూర్చుంది. ఒక అక్షరం తల పైన పేజీలో ఉంటే, దాని తోక కింద బద్ద మీద ఉంది.

ఆ బద్ద మీద ఉన్నది ఇంతే: స్టార్మ్. బే. అయిదేళ్లు. షూస్ నాలుగు. జ్వరం. మృతి, ఆగస్టు 14.

ఎనిమిదేళ్ల కిందట అది, అట్ట లోపల 'బెంగుళూరు, 1887' అని రాసి ఉన్న దళం వారి ప్రార్థన పుస్తకంలో, సమాధి దగ్గర చదివే ప్రార్థనల పేజీలో దొరికింది. ఎవరో సైనికుణ్ని పూడ్చిన రోజున పెట్టిన చీటీ అనుకున్నాడు ఆంబ్రోజ్. స్టార్మ్ అంటే తుఫాను. లోతట్టు ఊళ్లవాడెవడైనా అది మనిషి పేరు అనుకోడు. ఆంబ్రోజ్ తీరంవాడు. స్కార్విక్ బే అనే పల్లెకు రెండు మైళ్ల ఇవతల రైల్వే క్వార్టర్లో పుట్టాడు. ఆయన చిన్నతనంలో ఆ పల్లెలో పడవ ఉన్న ప్రతి మూడో ఇల్లూ స్టార్మ్‌లదే. ఇక ఆ ఊరి పేరు కాగితాల మీద ఎంత పొడుగున్నా, ఆ తీరంలో ఎవరూ 'బే' అని తప్ప అనరు. 'ఎక్కడికి?' 'బేకి.' అంతే. కాబట్టి ఆయన చదివింది ఇదీ: ఇంటిపేరు స్టార్మ్, ఊరు బే, అయిదేళ్ల సర్వీసు, రెండు జతల షూస్ ఇచ్చారు, బెంగుళూరులో జ్వరంతో పోయాడు.

ఇప్పుడు పై వరసల మీద వేలు పెట్టి చదివాడు. సుల్తాన్, గ్రే, ఏడేళ్లు. సెక్స్టన్, బ్లాక్, ఆరేళ్లు. షాడో, బే, ఎనిమిదేళ్లు. 'బే' అన్నది ఊరు కాదు. ఒళ్లు ఎర్రమట్టి రంగులో ఉండి, జూలు నల్లగా ఉండే గుర్రాన్ని అలా అంటారు. షూస్ అంటే లాడాలు. నాలుగు కాళ్లకు నాలుగు.

ఆయనకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు పోయింది. కళ్లద్దాలు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశాడు. కాగితం బద్దను పేజీ నుంచి దూరంగా జరిపి చూశాడు; దూరంగా ఉంటే మళ్లీ మనిషిలాగే ఉంది. దగ్గరికి జరిపితే గుర్రం. ఏం చెయ్యాలో తోచక అలా రెండు మూడుసార్లు జరిపాడు.

ఇంకెన్ని? అన్న ఆలోచన అప్పుడొచ్చింది. రెండువందల పన్నెండులో ఇంకెన్ని గుర్రాలున్నాయి? జాబితా తీసి మొదటినుంచీ వెతకడం మొదలుపెట్టాడు. చూసినకొద్దీ అన్నీ గుర్రాల్లాగే కనిపించాయి. షార్ప్ గుర్రం పేరు కాదని ఎవరు చెప్పగలరు? స్వేల్స్? హంటర్? ఒక గంట పట్టింది స్థిమితపడడానికి. సైనికుడికి నంబరుంటుంది. అందరికీ నంబర్లున్నాయి. స్టార్మ్‌కి ఒక్కడికే లేదు. బద్ద చిరిగినచోట నంబరు పోయిందని అప్పట్లో తనే రాసుకున్నాడు, తన చేత్తోనే, అందమైన దస్తూరీతో.

బెరిల్ టీ, అల్లం కేకు ముక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ చేతిలో దుమ్ము గుడ్డ ఉంటుంది. ఆయన మొహం చూసి అక్కడే నిలబడింది.

"ఏంటండీ ఆ వాలకం? పార్సిల్లో పామేమన్నా వచ్చిందా?"

"బెరిల్, స్టార్మ్ అంటే నీకేమనిపిస్తుంది?"

"గొడుగు తెచ్చుకోలేదే అనిపిస్తుంది."

"అది కాదు. పేరుగా."

"పేరా? దేనికి? కుక్కకా, గుర్రానికా?"

ఆంబ్రోజ్ కేకు ముక్కను చిదిమి, ఆ పొడిని వేలితో ఒకచోటికి చేర్చాడు.

"మనిషికి."

"మనిషికి ఎవరన్నా... అయ్యో, మీ మిస్ స్టార్మ్ కదూ. ఇవాళే కదా వస్తానంది ఆవిడ, వాళ్ల పెదనాన్న పేరు చెక్కుతుంటే చూడ్డానికి. ఏమోనండీ, మీ సముద్రంవాళ్ల పేర్లు మీకే తెలియాలి." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "నెడ్ స్టోన్‌హౌస్ పేరు మీదున్నాడు. ఆవిడొచ్చేసరికి సరిగ్గా అందుకుంటాడు. మీ లెక్కంటే లెక్కే."

స్టోన్‌హౌస్ తర్వాతి పేరు స్టార్మ్.

మిస్ ఎస్తర్ స్టార్మ్ ఎనభై నాలుగేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు, స్కార్విక్ బేలో ఇప్పుడు స్టార్మ్ అన్న పేరుతో మిగిలింది ఆవిడ ఒక్కతే. ఎనిమిదేళ్ల కిందట మ్యూజియానికి ఒక చిన్న ఉత్తరం రాసింది: మా నాన్నగారి అన్న మాథ్యూ పదిహేడో ఏట ఇల్లు విడిచి వెళ్లాడు, 1882లో, సైన్యంలో చేరాడని ఒక మాట ఉండేది, మీకేమైనా తెలుసా? ఆంబ్రోజ్ అంతకు రెండు వారాల ముందే ఆ కాగితం బద్దను చూశాడు. 1882 నుంచి 1887కి అయిదేళ్లు. ఏళ్లతో సహా కలిసింది. ఆయన జీవితంలో అంత సంతోషంగా రాసిన ఉత్తరం ఇంకొకటి లేదు. బద్ద నకలు కూడా జత చేశాడు. దళం హాజరు పట్టీల్లో ఆ అయిదేళ్లవీ తడిసి పాడైపోయాయి కాబట్టి పేరు దొరకలేదని, అయినా సందేహం అక్కర్లేదని రాశాడు. 'నాకు తెలిసినంతవరకు' అని ఆ ఉత్తరంలో ఒక్కచోట కూడా రాయలేదు.

అప్పటినుంచీ నెలకో ఉత్తరం వస్తోంది ఆవిడ దగ్గర్నుంచి. చేపల సంగతులు, మోకాళ్ల సంగతులు, గోడ కూలిన సంగతులు. ఆయనకు ఉత్తరాలు రాసేవాళ్లు వేరే ఎవరూ లేరు. ఆ నెలకో ఉత్తరం కూడా ఈ గుర్రం మీద ఎక్కే వచ్చిందా అనుకుంటే ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

ఒంటిగంటకు డబ్బా తెరిచి, జున్నూ ఊరగాయా పెట్టిన రొట్టె బయటికి తీసి, తినకుండా మళ్లీ డబ్బాలో పెట్టాడు. చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరికి నష్టం? ఈ పుస్తకం ఇంకెవరూ తెరవరు. బద్దను పొయ్యిలో పడేస్తే ఒక్క నిమిషం పని. అంతలోనే, తప్పు విలాసానికి పోతున్న పార్సిలును చూస్తూ చూస్తూ బండెక్కించడమే కదా ఇది అనిపించింది. అలాంటి పని ఆయన ఒక్కసారి కూడా చెయ్యలేదు. మరి చెబితే? పదకొండేళ్ల పని మీద ఎవరికైనా నమ్మకముంటుందా? ఆవిడకు మొహమెలా చూపించడం? పోనీ దళంలో స్టార్మ్ అనే గుర్రం, స్టార్మ్ అనే మనిషి, ఇద్దరూ ఉన్నారేమో. ఉండకూడదని ఎక్కడుంది? ఉన్నారని మాత్రం ఎక్కడుంది? ఎటు తిరిగినా మొదలుపెట్టినచోటికే వస్తున్నాడు. హాల్లో సుత్తి ఆగింది. ఆయన లేచి నిలబడ్డాడు. మళ్లీ మొదలైతే కూర్చున్నాడు.

రెండుంపావుకు మిస్ స్టార్మ్ వచ్చింది. పొట్టి మనిషి, సముద్రం గాలికి ఎర్రబడి గట్టిపడిన మొహం, పిన్నులు గుచ్చి బిగించిన నల్ల టోపీ. చిన్నప్పటినుంచీ గాలాలకు ఎర గుచ్చిన వేళ్లు. వాటి నిండా తెల్లటి చిన్న చిన్న మచ్చలు. న్యూస్‌పేపర్లో చుట్టిన పొగచేపల పొట్లం నెడ్ చేతిలో పెట్టింది.

"మధ్యాన్నం తినకు, రాత్రికి వెన్నేసి వేయించుకో. బస్సులో నా పక్కన ఎవరూ కూచోలేదు వీటి వాసనకి."

నెడ్ నవ్వి, పొట్లం పక్కన పెట్టి, స్టోన్‌హౌస్ చివరి అక్షరంలోని పొడిని ఉఫ్‌మని ఊదాడు. దాని కింద వరసలో సుద్దతో రాసిన 'ఎం. స్టార్మ్' తెల్లగా ఉంది. మిస్ స్టార్మ్ దానికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. పేరు వంక ఒకసారి చూసి, తర్వాత నేల చూపులు చూస్తూ కూర్చుంది.

ఆంబ్రోజ్ తోలు పుస్తకాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆవిడ పక్కనే నిలబడిపోయాడు.

"ప్రయాణం బాగా జరిగిందా అమ్మగారూ?"

"జరిగిందండీ డఫీల్డ్ గారూ."

"చలిగా ఉందా అక్కడ?"

"మామూలే."

నెడ్ ఉలి మార్చుకున్నాడు. సన్నటి ఉలి తీసుకుని, మొనను బొటనవేలితో చూసుకుని, మొదటి అక్షరం దగ్గర ఆనించాడు.

"ఒక్క నిమిషం, నెడ్," అన్నాడు ఆంబ్రోజ్. "అమ్మగారూ, నేను మీకు పంపిన చీటీ... అందులో ఒక మాటుంది. బే అని. నేను ఊరనుకున్నాను. అదీ..."

"రంగు," అంది మిస్ స్టార్మ్.

ఆంబ్రోజ్ ఆవిడ వైపు తిరిగాడు. చంకలో పుస్తకం జారితే నెడ్ పట్టుకున్నాడు.

"మా నాన్న ముప్పై ఏళ్లు చేపలబండి తోలాడండీ. మా ఇంటి గుర్రం డాలీ. బే రంగే అది కూడా. దాని లాడాల చీటీలు రాసింది నేనే. షూస్ నాలుగు, షూస్ రెండు, అని. మీ ఉత్తరం అందిన రోజే తెలుసు నాకు. మా పెదనాన్న అయిదేళ్ల గుర్రమయ్యాడే అనుకున్నాను."

"తెలుసా? ఎనిమిదేళ్లుగా?"

"తెలుసు."

"మరి నాకు చెప్పలేదే?"

ఆవిడ సంచి మూత తెరిచి, మళ్లీ టక్కున మూసింది.

"మీరు ఎంత బాగా రాశారో మీకు తెలీదు. 'మీ పెదనాన్నగారు అనామకంగా పోలేదు' అని రాశారు. మా పెదనాన్న వెళ్లిపోయిన పొద్దున్న ఏం జరిగిందో మీకు నేను రాయలేదు. మా పడవకి నాలుగు తెడ్లండీ. రాత్రి మా తాతతో గొడవపడి, తెల్లారకముందే నడిచెళ్లిపోయాడు వాడు. వీళ్లు ముగ్గురే వెళ్లారు. మా తాత, గ్రాంజర్ల ఇంటి అన్నదమ్ములిద్దరు. గాలి తిరిగింది. ముగ్గురూ పోయారు, శవాలు కూడా రాలేదు. అప్పట్నుంచీ మా ఇంటిని తెడ్డు వదిలేసినోడి ఇల్లు అనేవాళ్లు. మూడు తరాలు గ్రాంజర్లు మా గుమ్మం ముందు నుంచి నడవలేదు, చుట్టు తిరిగి పోయేవాళ్లు."

నెడ్ ఉలి దించేశాడు. గుమ్మం దగ్గర బెరిల్ గుడ్డతో ఒకేచోట తుడుస్తోంది.

"మీ ఉత్తరం చర్చిలో చదివారు, అంతమంది ముందు. వాడు కూడా కుర్రతనంలోనే, దేశంకాని దేశంలో జ్వరమొచ్చి పోయాడని. బయటికొస్తే రూబెన్ గ్రాంజర్ గోడ దగ్గర నిలబడున్నాడు. వాళ్ల తాతే ఆ పడవలో పోయింది. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడండీ. ఏమీ అన్లేదు. ఆ తర్వాతి ఆదివారం భోజనానికొచ్చాడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తాడు. తొంభై ఏళ్లు, కళ్లు సరిగ్గా ఆనవు, ఉప్పు ఎక్కువైందని గొణుగుతాడు. ఆ రోజు గోడ దగ్గర ఏం చెప్పమంటారు నన్ను? రూబెన్, అది గుర్రం, అని చెప్పనా?"

ఆవిడ టోపీ పిన్ను సరిచేసుకుంది.

"ఇవాళ చెబుదామనే వచ్చాను. చెక్కకముందే చెప్పాలనుకున్నాను. బస్సు మలుపు దాటాక, చెక్కించేసి చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అసలు చెప్పొద్దనుకున్నాను. బస్సు దిగేటప్పటికి ఏమనుకున్నానో నాకే తెలీలేదు." మొదటిసారి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "అయితే అసలు వాడు ఎక్కడున్నాడు నాయనా?"

"తెలీదమ్మగారూ."

"సైన్యంలో చేరాడా?"

"తెలీదు. చేరలేదని కూడా తెలీదు."

నెడ్ గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, చెక్కనా, తుడిచెయ్యనా? రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి. వెలుతురు పోకముందే పని కావాలి."

చెక్కితే అబద్ధం రాతికెక్కుతుంది. తుడిస్తే తొంభై ఏళ్ల ముసలాయన మళ్లీ చుట్టు తిరిగి నడుస్తాడు. ఈ రెండూ ఆంబ్రోజ్‌కు పగలంతా తెలిసిన సంగతులే. కానీ ఆ ప్రశ్న మరీ అంత సూటిగా వినేసరికి, ఇలాంటిదే ఒక ప్రశ్నను పార్సిలాఫీసులో రోజూ వినేవాడినని జ్ఞాపకమొచ్చింది. తెలియకుండానే వీపు నిటారుగా పెట్టాడు.

"మా ఆఫీసులో అరలు మూడుండేవి, నెడ్. చేర్చాల్సినవి ఒకటి. తిప్పి పంపాల్సినవి ఒకటి. రెండూ కానివి మూడో దాంట్లో పెట్టేవాళ్లం. సుద్దతో 'విచారణలో' అని రాసి."

"ఎన్నాళ్లుండేవి అందులో?" అంది మిస్ స్టార్మ్.

"ఒకటి పదకొండేళ్లుంది. ఎడమచేతి గ్లవ్వులు, డజను. తర్వాత మనిషి దొరికాడు."

"ఎడమచేతివేనా?"

"కుడివి వేరే బండిలో పోయాయి."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే రుమాలు తీసుకుంది.

"ఇది ఇలాగే ఉండనీ," అన్నాడు ఆంబ్రోజ్ పలక వైపు చూసి. "ఉలి పెట్టొద్దు, తుడవొద్దు. స్వేల్స్ మొదలుపెట్టు. నేను వెతుకుతాను. పేరు మార్చుకుని చేరినవాళ్లు బోలెడంతమంది. వేరే దళాలున్నాయి. ఓడలున్నాయి. చూడని పట్టీలు చాలా ఉన్నాయి."

నెడ్ భుజాలెగరేసి, ఒక వరస వదిలేసి, స్వేల్స్ దగ్గర ఉలి పెట్టాడు.

ఆంబ్రోజ్ ఆవిడను బస్టాపు దాకా దిగబెట్టాడు. గాలికి ఆవిడ టోపీ ఊగితే ఇద్దరూ ఒకేసారి దాన్ని పట్టుకోబోయారు. రూబెన్‌కు ఈ ఆదివారమే చెబుతానంది. వచ్చే ఆదివారం చెప్పొచ్చేమో అంది. ఉత్తరం రాస్తానని బస్సు మెట్టు మీద నుంచి చెప్పింది. ఆయనకు తల ఇంకా దిమ్ముగానే ఉంది. కానీ ఉత్తరం వస్తుందన్న సంగతి మటుకు స్పష్టంగా అర్థమైంది. ఇంటికి నడుస్తూ, మధ్యాహ్నం తినని రొట్టె దారిలోనే తినేశాడు.

గురువారం వచ్చి ఎనిమిది ఉత్తరాలు రాశాడు, ఎనిమిది దళాల రికార్డు ఆఫీసులకు. అన్నిట్లోనూ 'నాకు తెలిసినంతవరకు' అని ఉంది. బెరిల్ వాటిని తపాలాలో వేసింది.

మంగళవారం ఆయన రాలేదు. ఆలస్యమంటే ఎరగని మనిషి కాబట్టి పదిన్నరకే బెరిల్ కోటు వేసుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆయన వంటింట్లో కుర్చీలోనే ఉన్నాడు. కోటు తొడుక్కున్నాడు. ఒక బూటు లేసు కట్టి ఉంది, రెండోది కట్టలేదు. పొద్దున్నే, నిదానంగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడని డాక్టరన్నాడు. పూడ్చిన రోజు జనం పెద్దగా లేరు. పాత రైల్వేవాళ్లు ముగ్గురు, బెరిల్, నెడ్, నల్ల టోపీతో మిస్ స్టార్మ్.

పలకను నవంబరులో గోడకు నిలబెట్టారు. ఆ ఒక్క పేరూ ఎందుకిలా ఉందని మ్యూజియం కమిటీవాళ్లు అడిగితే, 'ఆయన ఉండనిమ్మన్నారు' అంది బెరిల్. చెక్కమనడానికి గానీ తుడవమనడానికి గానీ కావలసిన ఆధారం ఎవరి దగ్గరా లేదు. పోయిన మనిషి మాట ఎందుకు తీసెయ్యాలని వాళ్లూ ఊరుకున్నారు.

ఆ రోజు మిస్ స్టార్మ్‌తో రూబెన్ గ్రాంజర్ కూడా వచ్చాడు. పొడుగాటి మనిషి, నడుం వంగి ఆవిడంత ఎత్తే అయ్యాడు. ప్రసంగాలయ్యాక ఇద్దరూ పలక ముందుకొచ్చారు. చెక్కిన అక్షరాలు రాతి రంగులో రాయిలాగే ఉన్నాయి. ముసలాయన మొహాన్ని బాగా దగ్గరికి పెట్టి, పైనుంచి కిందికి వెతికి, ఒకచోట ఆగాడు.

"మిగతావన్నీ చీకటిగా ఉన్నాయే ఎస్తర్. నాకు వీడొక్కడే కనపడుతున్నాడు."

మిస్ స్టార్మ్ ఆయన చెవి దగ్గరికి జరిగింది.

"వాడు దొరకలేదు రూబెన్. చర్చిలో చదివిన ఉత్తరంలోది వాడు కాదు. గుర్రమంట. వీణ్నింకా వెతుకుతున్నారు."

రూబెన్ ఆ తెల్లటి పేరు వైపే చూస్తున్నాడు. పక్కనే ఉన్న బెరిల్, ఆయనకు వినపడలేదేమో అనుకుంది.

"వెతకనీ," అన్నాడు చివరికి. "మా తాతా దొరకలేదుగా." చెయ్యి చాపి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "పద. బస్సు పోతుంది."

ఎనిమిది ఉత్తరాల్లో ఏడింటికి జవాబులొచ్చాయి, అలాంటి పేరు మా దగ్గర లేదని. ఎనిమిదోది ఇంకా రాలేదు. బెరిల్ వారానికోసారి పలక తుడుస్తుంది. పైనుంచి దిగుతూ వచ్చి, స్టోన్‌హౌస్ దగ్గర ఆపి, ఒక వరస వదిలేసి, మళ్లీ స్వేల్స్ దగ్గర మొదలుపెడుతుంది. ఆ మధ్యలో సుద్దతో రాసిన పేరు అలాగే ఉంది, ఎం అక్షరం ఒక కాలు దగ్గర కాస్త చెదిరి.